మట్టిలో పేలుడు శేషం: పరీక్షా పద్ధతికి వ్యాఖ్యానం

అమెరికాలో కేప్ కాడ్ ప్రాంతపు తాగునీరు భూగర్భంలోనే ఉంది. ఆ జలాలపైనే క్యాంప్ ఎడ్వర్డ్స్ సైనిక శిక్షణ మైదానం ఉంది. నీరు కలుషితమవుతుందన్న ఆందోళనతో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1997లో అక్కడ కాల్పుల శిక్షణను ఆపించింది. ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం నీటిలోకి దిగినట్టు పరిశోధనల్లో తేలింది. అలాంటి నేలలను పరీక్షించడానికి ఆ సంస్థ ప్రచురించినదే 8330బి పద్ధతి. అందులోని ముఖ్య పదాలకు ఇది వివరణ.

శేషం: గుండు పూర్తిగా పేలితే మిగిలేది అత్యల్పం. సగం పేలి విచ్చిపోయినప్పుడే ముడి పదార్థం పలుకులు పలుకులుగా చెదురుతుంది. టీఎన్‌టీ అనే మరో పేలుడు పదార్థం మట్టిలోని సేంద్రియ పదార్థానికి అంటుకుంటుంది, అమైనో రూపాలకు మారుతుంది. ఆర్‌డీఎక్స్ మట్టికి అంతగా అంటదు, వాననీటితో కిందికి దిగుతుంది.

నమూనా: ఇదే పద్ధతికి ప్రాణం. ఒకచోట పలుకు ఉంటుంది, జానెడు దూరంలో ఏమీ ఉండదు. ఒక్క చోట తవ్వి తెచ్చిన మట్టిని నమ్మి నేలంతటికీ తీర్పు చెప్పలేం. అందుకే నిర్ణీత స్థలమంతటా కనీసం 30 చోట్ల కొంచెం కొంచెం తీసి ఒకటిగా కలుపుతారు.

ఆరబెట్టి నూరడం: వెలుతురుకు టీఎన్‌టీ చెడుతుంది, వేడికీ కొన్ని పదార్థాలు నిలవవు. కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే, ఎండ తగలకుండా ఆరబెడతారు. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, యంత్రంలో మెత్తని పిండిగా నూరుతారు. అప్పుడే పలుకులోని పదార్థం పిండి అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ పిండిలోంచి కూడా అక్కడక్కడా తీసి 10 గ్రాములు తూస్తారు.

ద్రావణంలోకి తీయడం: తూచిన మట్టికి అసిటోనైట్రైల్ ద్రవం కలిపి 18 గంటలు కుదుపుతారు. మట్టిని పట్టుకున్న పదార్థం ద్రవంలోకి వస్తుంది.

హెచ్‌పీఎల్‌సీ: వడగట్టిన ద్రవాన్ని సన్నని గొట్టంలోని పొడి గుండా ఒత్తిడితో పంపుతారు. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. ఎంత ఉందో అతినీలలోహిత కాంతిని పీల్చుకున్న తీరు చెబుతుంది. వేడికి విరిగిపోయే ఆర్‌డీఎక్స్ వంటివాటికి ఈ మార్గం అనువైనది.

ధ్రువీకరణ: రెండు పదార్థాలు ఒకే సమయానికి రావచ్చు. అందుకే వేరే గుణమున్న రెండో గొట్టంలోనూ నడిపి చూస్తారు.

కనబడలేదు: పరికరం పసిగట్టగల మోతాదులో లేదని మాత్రమే అర్థం. నమూనా సరిగా తీయకపోతే ఈ మాటకు విలువే లేదు. నీరు తాగేవారికి ఫలితమొక్కటే ఇస్తే చాలదు. మట్టిని ఎక్కడెక్కడ, ఎలా తీశారో కూడా చెప్పాలి.