ముఖాముఖిలో తేలేదేమిటి?

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో యూదు వలసదారుల పిల్లలు పెద్దసంఖ్యలో చేరుతుండడం నిర్వాహకులకు రుచించలేదు. చదువులో ముందున్న ఆ పిల్లలను మార్కులతో ఆపడం సాధ్యం కాదు. అందుకని దరఖాస్తులో మతం, తండ్రి పుట్టినచోటు, ఫొటో అడిగారు, ముఖాముఖిని జతచేశారు. ‘వ్యక్తిత్వం’ అనే ఈ కొత్త కొలబద్దతో యూదు విద్యార్థుల సంఖ్య తగ్గిపోయింది. కాదన్నందుకు కారణం చూపనక్కరలేకపోవడమే ఆ కొలబద్దకున్న బలం.

భారతదేశంలో ఇదే ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళింది. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ రాతపరీక్షకు 100, ముఖాముఖికి 50 మార్కులు కేటాయించింది. రెండు మూడు నిమిషాల్లో ముగిసిన ఆ ముఖాముఖిలో తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి మాత్రమే అడిగారని అభ్యర్థులు వాదించారు. 1980 నవంబరులో అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు, మొత్తం మార్కుల్లో మూడోవంతు ముఖాముఖికి ఇవ్వడం నిర్హేతుకమని, 15 శాతం మించరాదని చెప్పింది. ఎంసెట్ ర్యాంకుతోనే కళాశాలలో చేరిన తెలుగువారికి ఈ గండం తెలియదు. అమెరికాలో వైద్యవిద్యకు ప్రయత్నించే వారి పిల్లలకు మాత్రం అది తప్పదు.

ముఖాముఖి మంచి వైద్యులను గుర్తించగలదా? హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో దీనికి అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1979లో 150 మంది ఎంపిక పూర్తయ్యాక, మరో 50 మందిని చేర్చుకోమని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి మిగిలింది ముఖాముఖి తరువాతి జాబితాలో అడుగున ఉన్నవారే. 1987లో అమెరికన్ వైద్యసంఘం పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారం చదువులోగానీ, రోగుల దగ్గర పనిలోగానీ ఈ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ లోపానికి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఒక మందు కనిపెట్టి, 2004లో ఫలితాలు ప్రకటించింది. ఒకే బృందం అభిప్రాయంపై ఆధారపడకుండా, అభ్యర్థిని వరుసగా పలుచోట్లకు పంపి, ఒక్కొక్కచోట ఒక్కొక్క సమస్య ఇచ్చి, వేర్వేరు పరీక్షకులతో మార్కులు వేయించడం ఆ పద్ధతి. నేడు అమెరికాలోనూ అనేక వైద్యకళాశాలలు దీన్ని పాటిస్తున్నాయి.

ఇటువంటి పరీక్షకు కంఠస్థం చేసిన జవాబులు అక్కరకు రావు. తెలియని సమస్యను కొద్ది నిమిషాల్లో చదివి, అవతలివారి పక్షాన కూడా ఆలోచించి, తన నిర్ణయానికి కారణం చెప్పగలగడమే అభ్యసించవలసిన విద్య. ఇంత సిద్ధపడినా సీటు రాకపోవచ్చు. అది ఆ రోజు కొందరు వేసిన అంచనా మాత్రమే. ఆ అంచనా తప్పగలదని హ్యూస్టన్‌లో చేరిన 50 మంది ఏనాడో రుజువు చేశారు.