ముద్దాయి ముందు, నేరం తర్వాత

కడప మీదుగా రైలు నడవకముందు సీమకు ఉప్పు గాడిదల మీద, ఎడ్ల మీద వచ్చేది. కోస్తాలోని ఉప్పు కొటార్ల దగ్గర బయల్దేరి, కనుమలు దాటి, ఊరూరా ఉప్పు పోసి ధాన్యం కొలిపించుకుని వెళ్లే బిడారుల్లో ఎరుకలవాళ్లు ఎక్కువ. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లను ఉప్పు ఎరుకల అనేవాళ్లు. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల, వెదురు దబ్బలతో బుట్టలల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఆడవాళ్లు గద్దె బుట్ట పట్టుకుని ఎరుక చెప్పేవాళ్లు. ఊళ్లో వాళ్లకు భూమి లేదు కానీ, ఊరికి వాళ్లతో పని ఉండేది.

1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడ్డాయి. ఉప్పు రైలెక్కింది. ఉప్పు మీద సర్కారు పట్టు అప్పటికే బిగిసింది, 1882 అటవీ చట్టంతో వెదురు కూడా చేయి దాటింది. ఈ రెంటి నడుమ 1876-78లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఆ కరువుకు నడిబొడ్డు. తిండి గింజల దోపిడీలు పెరిగాయి, జైళ్లు నిండాయి. మద్రాసు పోలీసు చరిత్ర రాసిన డేవిడ్ ఆర్నాల్డ్, దోపిడీల లెక్క ధాన్యం ధరతో పాటు పైకీ కిందికీ కదిలిందని చూపించాడు. ఆకలి వేసినప్పుడు దొంగతనాలు పెరుగుతాయన్నది ఏ రైతును అడిగినా చెప్పే సంగతే. అప్పటి పోలీసు శాఖ మాత్రం కారణాన్ని కరువులో కాక కులంలో వెతికింది.

అంతకుముందు ఈ ప్రాంతంలో కాపలా వేరే రకంగా సాగేది. పాళెగాళ్ల కింద కావలివాళ్లు ఉండేవాళ్లు. ఊరు వాళ్లకు రుసుము కట్టేది, సొత్తు పోతే వాళ్లే వెతికి తేవాలి, లేదా నష్టం కట్టుకోవాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచివేశాడు, వాళ్ల కావలి హక్కులూ పోయాయి. నిన్నటిదాకా జీతమిచ్చి కాపలా పెట్టుకున్నవాళ్లే తెల్లారేసరికి అనుమానితులయ్యారు.

కొత్త పోలీసుల మీద దొరలకే నమ్మకం లేదు. మద్రాసు ప్రభుత్వం వేసిన చిత్రహింసల విచారణ సంఘం 1855 నాటి నివేదికలో, శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ రైతుల్నీ అనుమానితుల్నీ ఎలా హింసిస్తున్నారో బయటపెట్టింది. వేళ్లను కర్ర చట్రంలో నొక్కే కిట్టి ఆ నివేదికలో కనిపించే సాధనాల్లో ఒకటి. 1859లో పోలీసు శాఖను కొత్తగా కట్టారు. 1872 సాక్ష్యాధారాల చట్టం, పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదంది. అదే చట్టం 27వ సెక్షనులో మాత్రం చిన్న సందు వదిలింది: నిందితుడు చెప్పిన మాటను బట్టి సొత్తు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. దాంతో స్టేషన్లో ప్రశ్న మారింది. "ఏం జరిగింది?" అని అడిగే ఓపిక పోయి, "సొత్తు ఎక్కడ దాచావ్?" అన్నదే మొదటి మాటయింది. ఆ ప్రశ్న అడగాలంటే దొంగ ఎవరో ముందే తేల్చుకోవాలి మరి.

తేల్చిపెట్టడానికి పుస్తకాలొచ్చాయి. 1892లో ఫ్రెడరిక్ ములాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేర వర్గాల మీద చేతిపుస్తకం అచ్చు వేశాడు. 1905లో రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు కొరవ, ఎరుకల, కైకాడీల 'చరిత్ర' రాశాడు. పేరు చూస్తేనే తెలుస్తుంది, అన్నీ దొరలు రాసినవే కావు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ పోలీసులకు మనుషుల తలలూ ముక్కులూ కొలవడం నేర్పాడు. 1909లో అచ్చయిన ఆయన కులాల సంపుటాల్లోకి పోలీసు కథనాలు శాస్త్రం వేషంలో చేరాయి. ఎరుక చెప్పే ఆడమనిషి ఇళ్ల ఆనవాళ్లు కనిపెట్టడానికే వస్తుందన్నది ఈ పుస్తకాల్లో ఒకదాన్నుంచి ఒకదానిలోకి పాకిన మాట. అలా బతుకుతెరువే నేరానికి సాక్ష్యమైంది. సంచారం చేస్తే పారిపోతున్నట్టు, ఒకచోట ఉంటే పొంచి ఉన్నట్టు!

నేర తెగల చట్టం 1871లోనే ఉత్తరాదిన పుట్టింది. కుమ్మరి కొడుకు కుమ్మరైనట్టు దొంగ కొడుకు దొంగవుతాడన్నది దాని వెనకున్న తర్కం. 1911లో అది మద్రాసుకు వచ్చింది. గెజిట్లో తెగ పేరు పడితే చాలు, ఆ తెగవాళ్లను రిజిస్టరుకెక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు, హాజరు వేయించుకోవచ్చు, ఫలానా హద్దు దాటొద్దని కట్టడి చేయవచ్చు. రిజిస్టరుకెక్కిన మనిషి దొంగతనానికి సిద్ధపడుతున్నట్టు కోర్టుకు తోచే పరిస్థితుల్లో కనిపిస్తే మూడేళ్ల దాకా శిక్ష. దొంగతనం జరగనక్కర్లేదు. దర్యాప్తు అనే పని ఇక్కడ దాదాపు అనవసరమైపోయింది.

చట్టంతో పాటు సెటిల్‌మెంట్లు వచ్చాయి. కోస్తాలో సీతానగరం, కావలి, స్టూవర్టుపురం. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. 1891లో మద్రాసు రాజధాని జనాభాను కులాల వారీగా లెక్కగట్టిన అధికారీ ఆయనే. కర్నూలు జిల్లాకు వచ్చింది సిద్ధాపురం. ఇప్పటి నంద్యాల జిల్లా ఆత్మకూరుకు దగ్గర, నల్లమల అంచున ఉంది. అనుమతి లేకుండా గడప దాటకూడదు. ఆరోజు హాజరు పలికినవాళ్ల మనవలు ఈనాటికీ 'సెటిల్‌మెంటోళ్లు' అనిపించుకోవడం విచిత్రమేమీ కాదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథనంతా 'డిస్‌ఆనర్డ్ బై హిస్టరీ'లో తవ్వి తీసింది. మిల్లులకూ పొలాలకూ చవక కూలీలు దొరకడం ఈ సంస్కరణకు దక్కిన అసలు లాభమని ఆమె ఎత్తిచూపుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక లెక్క సరిచేసే పని సీమ మనిషి చేతికే వచ్చింది. చిత్తూరు జిల్లావాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో విచారణ సంఘం ఏర్పడింది. చట్టం తీసేయమని ఆ సంఘం చెప్పింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే దాన్ని రద్దు చేసుకుంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అయితే పోతూ పోతూ వారసుణ్ని వదిలింది: అలవాటు నేరస్తుల చట్టం. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద ఇది వ్యక్తి చట్టం, కులం చట్టం కాదు. కాకపోతే పాత రిజిస్టర్లే, పోలీసులు అనుమానితుల మీద తెరిచే హిస్టరీ షీట్లకు పునాది అయినచోట ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

పేరు చూసి నేరం అంటగట్టే ఈ అలవాటు ఒక తెగతో ఆగలేదు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' సినిమాలు వచ్చాక కర్నూలు, కడప అంటే సుమోలు, వేటకొడవళ్లు, నాటు బాంబులు అనే బొమ్మ రాష్ట్రమంతా స్థిరపడింది. ఫ్యాక్షన్ నిజం, చావులూ నిజం. కానీ కక్షలకు దూరంగా ఉన్న ఊరి కుర్రాడు కూడా ఇంటి పేరు, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చూపు మారడం ఎరుకలవాళ్ల అనుభవానికి చిన్న తమ్ముడు లాంటిది. చిన్న తమ్ముడే, ఎందుకంటే ఆ కుర్రాడు రెడ్డి అయితే వాడి వెనక భూమీ బంధుబలగమూ ఉంటాయి.

సీమలోనే ఇలా అనుకోనక్కర్లేదు. 1974లో ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్‌లో బాంబులు పేలాయి. ఐర్లండ్ వాళ్ల మీద అనుమానంతో నలుగురిని పట్టి, నేరం ఒప్పించి, జైల్లో వేశారు. 1989లో ఆ శిక్షలు కొట్టేశారు. ఇలాంటి దెబ్బలు తిన్నాకే, 1992 నుంచి అక్కడి పోలీసులు విచారణ పద్ధతి మార్చారు. ఒప్పించడం మాని, ఎదుటివాడిని ముందు వాడి మాటల్లో చెప్పనిచ్చి, ఆ తర్వాత ఆధారాలతో సరిచూడటం నేర్చుకున్నారు. మన దగ్గర 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టమంది. కెమెరా గదిని చూస్తుంది, గదిలోకి ఎవరిని తేవాలో నిర్ణయించే షీట్‌ను చూడదు.

ఆ షీట్ సంగతి 2024లో రెండుసార్లు సుప్రీంకోర్టుకు వచ్చింది. మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, హిస్టరీ షీట్లలో అనుమానితుల మైనరు పిల్లల పేర్లు చేర్చొద్దనీ, వెనకబడిన వర్గాలవాళ్ల మీద యాంత్రికంగా షీట్లు తెరవడం మానాలనీ చెప్పింది. అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో జైలు నియమావళుల్లోని కుల వివక్షను, 'సంచార తెగలు', 'నేర తెగలు' అంటూ మనుషుల్ని వర్గీకరించే మాటలతో సహా కొట్టేసింది. కోర్టు ముందు పరిశీలనకు వచ్చినవాటిలో ఆంధ్రప్రదేశ్ జైలు నియమాలూ ఉన్నాయి. మూడు నెలల్లో నియమావళులు సవరించమని రాష్ట్రాలను ఆదేశించింది. విముక్త జాతుల వాళ్లను, అంటే ఒకప్పుడు నేర తెగల చట్టం కింద ఉన్నవాళ్లను, ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పింది. 1962 నాటి అలవాటు నేరస్తుల చట్టాన్ని మాత్రం ఆ తీర్పు రద్దు చేయలేదు.