బొగ్గు పోయాక యూబరి

జపాన్‌లో వృద్ధులు ఎక్కువన్న మాట మనవాళ్ళందరూ విన్నదే. అక్కడి మనుషులు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి అలా ఉందని సరిపెట్టుకుంటాం. నేను స్థిరపడిన హొక్కైడో దీవిలో, సప్పోరోకు తూర్పున కొండల నడుమ యూబరి అనే ఊరుంది. దాని చరిత్ర చదివితే ఆయుష్షు ఒక్కటే కారణం కాదని అర్థమవుతుంది. ఊళ్ళకు ముసలితనం ఎక్కువగా వలసవల్ల వస్తుంది.

1888లో యూబరిలో బొగ్గు పొర కనబడింది. రెండేళ్ళకల్లా గని మొదలైంది, ఆ వెంటనే రైలు వచ్చింది. ఇల్లు, నీళ్ళు, ఆస్పత్రి అన్నీ కంపెనీవే. ఇల్లందు, బెల్లంపల్లి ఎరిగినవారికి ఆ జీవితం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1960 నాటికి యూబరి జనాభా లక్ష దాటింది. 1962లో జపాన్ చమురు దిగుమతులకు తలుపులు తెరిచింది. చవకైన చమురు ముందు బొగ్గు నిలవలేకపోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1981 అక్టోబరులో ఒక గనిలో గ్యాస్ ఎగదన్ని 93 మంది చనిపోయారు, మరుసటి ఏడాది ఆ గనీ మూసేశారు. 1990లో చివరి గని ఆగింది. 2020 జనగణనలో మిగిలినవారు 7,334 మంది. వారిలో సగానికి పైగా 65 ఏళ్ళు దాటినవారే.

ఈ తగ్గుదల ఎలా జరిగిందో గమనించాలి. గని మూతపడితే మరోచోట పని దొరికే వయసువాళ్ళే మొదట కదులుతారు. పాతికేళ్ళ జంట ఊరు వదిలితే లెక్కలో ఇద్దరే తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి వాళ్ళకు పుట్టబోయే బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు కూడా ఆ రోజే ఊరు దాటిపోతారు. అందుకే 2014లో మసుదా హిరోయా నేతృత్వంలోని బృందం జపాన్ ఊళ్ళ భవిష్యత్తును అంచనా వేసేటప్పుడు వృద్ధుల సంఖ్యను కాక, 20 నుంచి 39 ఏళ్ళ స్త్రీల సంఖ్యను కొలమానంగా పెట్టుకుంది. 2040 నాటికి ఆ సంఖ్య సగానికో అంతకన్నా కిందికో పడిపోయే పురపాలికలు 896 అని తేల్చింది. దేశంలోని పురపాలికల్లో అవి దాదాపు సగం.

యూబరి పాలకులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1979 నుంచి 2003 దాకా మేయరుగా ఉన్న నకాతా తెత్సుజి బొగ్గు నుంచి పర్యాటకానికి మళ్ళుదామన్నారు. బొగ్గు చరిత్ర మ్యూజియం, వినోద పార్కు కట్టారు. చలనచిత్రోత్సవం మొదలుపెట్టారు. స్కీ రిసార్టును కూడా నగరమే కొన్నది. కంపెనీలు వదిలేసిన ఇళ్ళు, ఆస్పత్రి భారమూ నగరం మీదే పడింది. వెళ్ళిపోయిన జనం తిరిగొస్తారన్న ఆశతో అప్పు మీద అప్పు చేశారు. 2006లో నగరం దివాలా ప్రకటించింది. తీర్చాల్సిన బాకీ సుమారు 3,530 కోట్ల యెన్లు.

ఆ బాకీ భారం ఊళ్ళో మిగిలినవాళ్ళ మీద పడింది. 171 పడకల ఆస్పత్రి 19 పడకల క్లినిక్ అయింది. గ్రంథాలయం మూతపడింది. ప్రాథమిక పాఠశాలలన్నీ కలిసి ఒక్కటయ్యాయి. మేయరు జీతంలో 70 శాతం కోత పడింది. ఆ గడ్డుకాలంలోనే వైద్యుడు మురాకామి తొమొహికో వచ్చి, వృద్ధుల ఇళ్ళకే వెళ్ళి వైద్యం చేసే పద్ధతిని నిలబెట్టారు. 2011లో 30 ఏళ్ళ సుజుకి నవొమిచి మేయరయ్యారు. ఊరు మళ్ళీ పెరుగుతుందని ఆయన ఆశ చూపలేదు. చెల్లాచెదురుగా మిగిలిన ఇళ్ళవాళ్ళను షిమిజుసవా ప్రాంతానికి దగ్గరగా చేర్చే పని చేపట్టారు. నష్టాల రైలు మార్గాన్ని మూసేందుకు తామే ముందుకొచ్చి, బదులుగా బస్సులకు రైల్వే నుంచి సాయం తీసుకున్నారు. 2019లో రైలు ఆగింది. నా దృష్టిలో ఆ ఊరికి నిజమైన సేవ అప్పుడే మొదలైంది. ఉన్నవాళ్ళు ఎందరో ఒప్పుకున్నాకే వాళ్ళకేం కావాలో కనబడింది.

ఈ సంగతి ఇప్పుడే చెప్పడానికి కారణముంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తివేసింది. అయితే పిల్లల్ని కనమని చెప్పినంత మాత్రాన, కనే వయసువాళ్ళే లేని ఊరికి ఒరిగేదేమీ ఉండదు. నాలాంటివాళ్ళం వెళ్ళిపోయిన ఊళ్ళు కోనసీమలోనూ గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనూ ఎన్నో ఉన్నాయి. జపాన్ సంపన్న దేశమయ్యాక ముసలిదైంది. 2000 నుంచి అక్కడ 40 ఏళ్ళు నిండినవారంతా వృద్ధుల సంరక్షణ బీమాకు ప్రీమియం కడుతున్నారు. మనకు అలాంటి ఏర్పాటు లేదు. ఊరు వదిలిన పిల్లలు పంపే డబ్బే చాలామందికి ఆధారం.

డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకునే మేమూ, పంచాయతీలు నడిపే మీరూ కలిసి ముందు ఒక జాబితా రాద్దాం: ఊళ్ళో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళెవరు, అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే వాళ్ళను ఆస్పత్రికి చేర్చేదెవరు, మందులు తెచ్చిపెట్టేదెవరు. స్వాగత ద్వారాలకూ విగ్రహాలకూ ఎన్నారైలు ఇచ్చే చందాలో కొంత ఒక నర్సు జీతానికీ ఒక వాహనానికీ మళ్ళిద్దాం. యూబరి ఈ పని దివాలా తీశాక చేసింది. మనం ముందే చేయగలం.