టోక్యో లంచ్‌సెట్టు, అరకు అడ్డాకు

సుషీ గురించి మనవాళ్ళకి రెండే అభిప్రాయాలు. ఒకటి "పచ్చి చేపా, ఛీ", రెండోది "అబ్బో, మన జేబుకి కాదు". మొదటిది ఎవరి నాలుక వాళ్ళిష్టం. రెండోది మాత్రం సగమే నిజం. రాత్రిపూట మనిషికి 20, 30 వేల యెన్లు తీసుకునే సుషీ హోటళ్ళు కొన్ని మధ్యాహ్నం ఓ సెట్టు భోజనం పెడతాయి. కూర్చునేది అదే చెక్కబల్ల ముందు, చేసేది అదే వంటవాడు, రేటు మాత్రం నాలుగో వంతో అయిదో వంతో. సుమారు పది ముక్కలు, గిన్నెడు మీసో చారు, టీ. అంతే. ఆన్‌సైట్ రోజుల్లో నేను తొక్కిన పెద్ద గడపలన్నీ మధ్యాహ్నం తొక్కినవే లెండి!

దీనివల్ల వాళ్ళకి నష్టమేమీ లేదు. అద్దె, జీతాలు ఎలాగూ కట్టాలి. చేపలు పొద్దున్నే కొనేశారు. రాత్రి లోడుకి సరిపడా పెట్టుకున్న సర్వర్లని పగలు ఖాళీగా ఉంచకుండా తక్కువ రేటుకి ఇంకో పని నడిపినట్టన్నమాట. పైగా అందరికీ ఒకటే వడ్డన కాబట్టి వృథా తక్కువ.

అసలు సుషీ పుట్టుకలోనే గొప్పింటిది కాదు. ఇప్పుడు మనం చూసే, అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన రకం 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో (ఇప్పటి టోక్యో) బాగా వ్యాపించింది. హనాయా యోహెయ్ అనే ఆయన పేరు చెబుతారు. వీధిలో బండి దగ్గర నిలబడి, నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని పోయే కూలీల తిండి. మన బజ్జీల బండి లాంటిదే.

మరి ఆ పది ముక్కల లెక్క ఎక్కడిది? యుద్ధం తర్వాత జపాన్లో బియ్యానికి కటకట. 1947లో ప్రభుత్వం హోటళ్ళు మూయించింది. టోక్యో సుషీవాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. "మేం తిండి అమ్మట్లేదు, జనం తెచ్చిన బియ్యాన్ని సుషీగా మార్చి కూలి తీసుకుంటున్నాం" అన్నారు. ఒక గో బియ్యం, అంటే సుమారు 180 మిల్లీలీటర్ల కొలత, ఇస్తే పది ముక్కలు. "ఒక మనిషి వడ్డన" అనే ఆ కొలత రేషను పోయాక కూడా నిలిచిపోయింది.

ఇందులో అరకు ఎక్కడుంది అంటారా? వస్తున్నా.

యుద్ధంలో చితికిపోయిన ఆ దేశం మళ్ళీ ఉక్కు కర్మాగారాలు నడపడానికి ఇనుప ఖనిజం కోసం వెతుక్కుంది. 1960లో మన ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. బస్తర్ అడవుల్లోని బైలదిలా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం ఇవ్వాలి. దాన్ని విశాఖ రేవుకి చేర్చడానికే 1960లలో తూర్పు కనుమలు తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను, బొర్రా దగ్గర మనం కేకలు పెట్టే ఆ సొరంగాలు, అన్నీ ఆ ఖనిజం బండ్ల కోసమే. ప్రయాణీకుల బండి వెనకాల వచ్చిన చుట్టం. 2017లో వచ్చిన అద్దాల పెట్టె దానికి మనవడు.

ఆ చుట్టంతో పాటే మనమూ వెళ్ళాం. దిగగానే అడిగేది బొంగులో చికెన్! పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద కాల్చే వంట. కొండవాళ్ళ తిండి ఇప్పుడు రిసార్టు మెనూలో ప్రత్యేక వంటకం. కాఫీ సంగతీ అంతే. 2017లో అరకు కాఫీకి ప్యారిస్‌లో కొట్టే తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, కాదనను. రోడ్డు పక్కన బొంగులు కాల్చి అమ్మే ఆదివాసీకి నాలుగు డబ్బులు వస్తున్నాయి.

కానీ అదే సమయంలో అక్కడి ఇళ్ళలో కంచం మారింది. చోడి అంబలి, సామన్నం తిన్న ఊళ్ళకి గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా రేషను బియ్యం చేరింది. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చిందనడంలో నాకే అనుమానమూ లేదు. కాకపోతే సామలూ చోళ్ళూ ఇప్పుడు మన హైటెక్ సిటీ షాపుల్లో "ఆరోగ్య ధాన్యాలు" అయిపోయాయి, బియ్యం కంటే ఖరీదుగా. రేషను బియ్యం జపాన్లో సుషీకి ఓ కొలత ఇచ్చింది. ఇక్కడ పాత పంటని కంచంలోంచి పక్కకి జరిపింది.

ఇంకోటి. మనం చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో తిన్న అడ్డాకు విస్తర్లు గుర్తున్నాయా? ఆ ఆకు మన్యం అడవుల్లోంచి ఆదివాసీలు కోసి తెచ్చిందే. మన "ఫుల్ మీల్స్" చరిత్రలో వాళ్ళ చెయ్యి ఎప్పట్నుంచో ఉంది, పంక్తిలో చోటే లేదు.

నాకు లంచ్‌సెట్టులో నచ్చేది చౌకతనం కాదు. బండి మీది తిండి అద్దాల మేడ ఎక్కాక కూడా, మధ్యాహ్నం రెండు గంటలపాటు మామూలు మనిషికి తలుపు తెరిచి ఉంటుంది. అరకులోనూ ఆ పని చెయ్యొచ్చు. కొండ వంట పేరు చెప్పి అమ్మే ప్రతి పెద్ద హోటలూ మధ్యాహ్నం ఒక్క వడ్డన పెట్టాలి. సామన్నం, ఓ పప్పు, ఓ కూర, అడ్డాకులో, సంతకొచ్చిన మనిషి ఇచ్చుకోగలిగే రేటుకి. సామలు ఆ చుట్టుపక్కల రైతు దగ్గరే కొంటే ఆ పంటకీ ఓ ఖాయమైన గిరాకీ ఉంటుంది.

మన భూములు కాకుండా చూసుకోడానికి వాళ్ళకి 1/70 చట్టం ఉంది. కంచానికి చట్టాలు ఉండవు, కాబట్టి ఇది హోటలు వాళ్ళూ, అక్కడ తినే మనమూ తలుచుకుంటేనే అవుతుంది. ఈసారి అరకు వెళ్తే రిసార్టు వాణ్ణి సామన్నం భోజనం ఎంతకి పెడతావని అడిగి చూడండి. నలుగురు అడిగితే గానీ మెనూలోకి ఏదీ రాదు.