పరంగిమలై నుంచి సందక్‌ఫు దాకా



పోయిన నెల సమావేశంలో అక్టోబరు ట్రిప్పు మీద జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. సందక్‌ఫు కొండకు నడిచి వెళ్ళాలి, దారి పొడుగునా ఫోటోలు తీయాలి, కెమెరా తెలిసిన గైడు ఒకరు, దారి తెలిసిన గైడు ఒకరు ఉండాలి. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఎన్ని రోజులు అన్న దగ్గరే తేడా వచ్చింది. పిల్లలు, అంటే మనకు పిల్లలే, ముప్పై నలభై ఏళ్ళ వాళ్ళు, కొండ మీద నాలుగు రోజులు చాలు, లీవు లేదు అన్నారు. మేము ఎనిమిది రోజులు కావాలన్నాం. "పెద్దవాళ్ళకు భయం" అని వెనక వరసలో ఎవరో అన్నది మా చెవిన పడింది. భయమే. ఆ భయానికి కారణమూ ఉంది, కొంచెం చరిత్రా ఉంది. రెండూ రాస్తున్నాం.

మేము అంటే రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైరైన నలుగురం. రాసే చెయ్యి ఒకటే, మాట నలుగురిదీ. బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర, చందమామ పుస్తకాల్లో నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

బీచ్ నుంచి తాంబరం పోయే లోకల్‌లో ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాం. సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్ వస్తే కొండ మీద తెల్లటి చర్చి కనబడుతుంది. మూడు వందల అడుగుల గుట్ట, మన పరంగిమలై. హిమాలయాల ఎత్తు కొలిచే పని ఈ గుట్ట కిందే మొదలైందని సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మాలో ఒక్కరికీ తెలియదు. రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాం.

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే దొర పరంగిమలై దగ్గర చదును నేల మీద గొలుసు పరిచాడు. వంద అడుగుల ఉక్కు గొలుసు. దాన్ని ఎత్తడం, పరచడం, ముందుకు జరపడం, మళ్ళీ పరచడం. ఇలా సుమారు నాలుగు వందల సార్లు, దక్షిణంగా పెరుంబాక్కం వైపు ఏడున్నర మైళ్ళు. అదీ మద్రాసు ఎండలో. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసు పక్కనే థర్మామీటర్లు పెట్టి, వేడికి తగ్గట్టు లెక్క సరిచేసుకున్నారు. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పట్టాల మధ్య సందు వదిలేది ఎందుకో గ్యాంగ్‌మన్‌కు తెలుసు.

ఆ ఏడున్నర మైళ్ళ గీత తప్పైతే దాని మీద కట్టే లెక్కంతా తప్పే. ఒక గీత పొడవు తెలిస్తే, దాని రెండు కొసల నుంచి దూరంలో ఉన్న గుట్ట కోణాలు కొలిచి, ఆ గుట్ట ఎంత దూరమో చెప్పొచ్చు. ఆ కొత్త గీత మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. ఇలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ మద్రాసు నుంచి పడమటి తీరానికి, కన్యాకుమారి వైపుకు, తర్వాత ఉత్తరానికి సాగారు. కోణాలు కొలిచే యంత్రం, థియొడొలైట్, అర టన్ను బరువు. దాన్ని మనుషులే మోయాలి. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని వారాల తరబడి దాన్ని తన చేత్తోనే బాగుచేసుకున్నాడు. తర్వాత కాలంలో ఇలాంటి యంత్రాలు బాగుచేసే పనికి మద్రాసులో నగల అంగడిలో పనిచేస్తున్న ఆర్కాటు మనిషి సయ్యద్ మీర్ మొహిసిన్ హుసేన్‌ను పెట్టుకున్నారు. ఇంగ్లీషు చదువు లేకపోయినా పనితనంతోనే కలకత్తాలో సర్వే ఆఫీసు యంత్రాల నిపుణుడి స్థానానికి ఎదిగాడు.

ఇక మన తెలుగు నేల సంగతి. లాంబ్టన్ హైదరాబాదు చేరాక, 1819లో కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరును కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపాడు. సరిగ్గా వానాకాలం. వానకు గాలి తేటపడి దూరం బాగా కనబడుతుందని లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు, ఫోటోలు తీసేవాళ్ళూ అదే చెబుతారు. కానీ ఎల్లాపురం అడవిలో జ్వరాలు పట్టుకున్నాయి. ఆఫీసరుతో సహా జట్టు మొత్తం పడిపోయింది. కొందరు చనిపోయారు. ఆ కుర్రవాడు కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోవలసి వచ్చింది. అతని పేరు జార్జ్ ఎవరెస్ట్. చచ్చిపోయిన కూలీల పేర్లు మేము చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

లాంబ్టన్ 1823లో పనిమీద ఉండగానే హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఎవరెస్ట్ ఆ పనిని హిమాలయాల కాళ్ళ దాకా తీసుకుపోయి 1843లో రిటైరయ్యాడు. తర్వాత వచ్చిన ఆండ్రూ వా కాలంలో దూరంనుంచే శిఖరాలను గురిపెట్టి కొలిచారు. అప్పటిదాకా కాంచనజంగే అన్నిటికన్నా ఎత్తని అనుకునేవారు, డార్జిలింగ్ నుంచి చూస్తే అదే ఆకాశమంతా నిండి ఉంటుంది కదా. వెనకెక్కడో బెరుకుగా కనబడే ముక్కకు పదిహేనో నంబరు శిఖరమని పేరు పెట్టి వదిలేశారు. లెక్కలు కట్టినవాళ్ళలో ముఖ్యుడు రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ. 1856లో ప్రకటించారు, ఆ పదిహేనో నంబరుదే అన్నిటికన్నా ఎత్తు, 29,002 అడుగులు. 2020లో నేపాల్, చైనా కలిసి చెప్పిన లెక్క 8,848.86 మీటర్లు, అంటే 29,032 అడుగులు. నూట అరవై ఏళ్ళకు పైగా గడిచాక వచ్చిన తేడా ముప్పై అడుగులు. పరంగిమలై కింద వేడికి సాగిన ఉక్కును కూడా లెక్కలో వేసుకున్నవాళ్ళ పని అది.

ఇదంతా సందక్‌ఫుకు ఎందుకంటే, అక్కడ నిలబడి చూస్తే సరిగ్గా ఇదే మోసం కళ్ళకు కనబడుతుంది. కాంచనజంగ పడుకున్న బుద్ధుడిలా అడ్డంగా ఉంటుంది. పడమటి పక్క మూడు శిఖరాల గుంపు, అందులో మకాలు పెద్దగా ముందుకొచ్చి ఉంటుంది, లోత్సే దాని పక్కన. ఆ రెంటి మధ్య చిన్నగా తొంగిచూసేది ఎవరెస్ట్. తెలియనివాళ్ళు మకాలును ఫోటో తీసుకుని ఎవరెస్ట్ అని ఇంటికి పంపిస్తారు. మన గుంపులో అలా జరగకూడదనే ఈ మాట.

ఫోటోల చరిత్రా మద్రాసుకు దూరం కాదు. ఆ 1856లోనే మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే ఆఫీసరును తన ఫోటోగ్రాఫరుగా పెట్టుకుంది. బళ్ళ మీద సామాను వేసుకుని శ్రీరంగం, మదురై, తంజావూరు తిరిగాడు. థియొడొలైట్ దెబ్బతిన్న ఆ పెద్దగుడి విమానం చుట్టూ ఉన్న శాసనాన్ని ఇరవైకి పైగా ముక్కలుగా తీసి ఒక్క పొడుగాటి చిత్రంగా అతికించాడు. ఇప్పుడు ఫోనులో ఒక వేలితో చేసే పనోరమా అదే.

హిమాలయాల్లోకి కెమెరా మోసుకుపోయినవాళ్ళలో శామ్యూల్ బోర్న్ పేరు పెద్దది. 1863లో మొదటిసారి సిమ్లా నుంచి బయలుదేరినప్పుడు సామాను మోయడానికి ముప్పై మంది దాకా కూలీలు. గాజు పలకకు మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. అందుకే చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పలకల పెట్టెలు అన్నీ వెంట ఉండాల్సిందే. 1866లో మనిరంగ్ కనుమ దగ్గర 18,600 అడుగుల మీద ఫోటో తీశాడు. అంత ఎత్తులో ఫోటో తీయడం చాలా ఏళ్ళ వరకు ఇంకెవరి వల్లా కాలేదు. ఆ చిత్రాలు ఇప్పుడు చూసినా కన్ను తిప్పుకోలేం. అయితే మంచుకు భయపడి బరువు దించి పారిపోయిన కూలీలను వెతికి పట్టుకుని కర్రతో కొట్టానని ఆయనే రాసుకున్నాడు. ఆ చలిలో వాళ్ళ కాళ్ళకు ఏముందో రాసుకోలేదు.

మా సంగతికి వస్తాం. ఎనిమిదేళ్ళ కిందట మేము నలుగురం కాదు, ఐదుగురం, ఇళ్ళవాళ్ళతో సహా సిక్కిం వెళ్ళాం. ట్రావెల్ ఏజెంటు ఒకడు ఉన్నాడు, కానీ నెపం అతని మీద వేయలేం. ప్లాను వేసింది మేమే. టైంటేబుళ్ళతో బతికినవాళ్ళం కదా, ఒక్క గంట వృథా కాకుండా వేశాం. సుమారు 9,000 అడుగుల మీద ఉన్న లాచెన్‌లో రాత్రి దిగి, తెల్లవారుజామున జీపెక్కి, నేరుగా 17,000 అడుగులకు పైన ఉన్న గురుడోంగ్మర్ చెరువుకు. సముద్రమట్టంలో పీల్చే ప్రాణవాయువులో అక్కడ దొరికేది సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. డ్రైవరు కుర్రవాడు ముందురోజే చెప్పాడు, పెద్దవాళ్ళు లాచెన్‌లో ఇంకో రాత్రి ఉంటే మంచిదని. మరుసటి రోజు గది ఇంకో ఊళ్ళో బుక్కయింది, డబ్బు పోతుందని మేము వినలేదు.

చెరువు గట్టున మా స్నేహితుడు నవ్వుతూ ఫోటోకు నిలబడ్డాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా దగ్గర ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి, అప్పుడు ఒక్కరం కూడా గమనించలేదు. దిగేటప్పుడు తలనొప్పి అన్నాడు, తర్వాత మాట తడబడింది, తర్వాత పలకలేదు. దారిలో సైనికులు ఆక్సిజన్ పెట్టారు. ఆ డ్రైవరే ఎక్కడా ఆగకుండా కిందికి దింపాడు. బతికాడు. కానీ మనిషి మునుపటిలా లేడు, పేర్లు మరిచిపోతాడు. వదినమ్మ మమ్మల్ని ఏమీ అనలేదు. ఉగాదికి వెళితే కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోతుంది. ఇది మేము సంఘంలో ఎప్పుడూ చెప్పలేదు. రాయమని ఆమే అనుమతి ఇచ్చింది.

మనవాళ్ళలో కొండలెక్కినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం ఊరి మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు ఎత్తైన శిఖరాలూ ఎక్కాడు. అంతటివాడు 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. నిజామాబాదు వైపు నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఆమెతో ఎక్కాడు. అందరూ శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటో చూస్తారు. దాని ముందు భువనగిరి కోట బండ, డార్జిలింగ్‌లో శిక్షణ, లదాఖ్ చలి, మధ్యలో ఎందరో పిల్లల్లోంచి వడపోత, ఇవన్నీ నెలల పని. మన పిల్లలు పూర్ణ పేరు చెప్పి నాలుగు రోజుల ప్లాను అడుగుతున్నారు!

కాబట్టి మా ప్లాను ఇది. సెంట్రల్‌లో రైలెక్కి న్యూ జల్పాయ్‌గురి, అక్కడ నుంచి మనేభంజన్. ఆ రాత్రి అక్కడే, ఏడు వేల అడుగులు. మరునాడు నడిచి టుమ్లింగ్, సుమారు 9,700 అడుగులు. ఒక్కరోజులో ఎక్కువే ఎక్కుతాం కాబట్టి టుమ్లింగ్‌లో ఒక రోజు పూర్తిగా ఆగుతాం. ఆ రోజు వృథా కాదు, పొద్దున్నా సాయంత్రం కాంచనజంగ మీద వెలుగు మారేది తీసుకోవచ్చు. తర్వాత కాలీపోఖ్రి, ఆ తర్వాత సందక్‌ఫు, 11,930 అడుగులు. అక్కడ రెండు రాత్రులు, ఒక పొద్దున మబ్బు పట్టినా ఇంకో పొద్దు ఉంటుంది. తర్వాత దిగడం. ఎవరికైనా తలనొప్పి, వాంతి, మాట తడబాటు వస్తే పైకి పోయేది లేదు, కిందికే. ఆ మాట దారి గైడు చెబుతాడు. అధ్యక్షులవారు కూడా దాన్ని కాదనకూడదు. జీపు ఒకటి పైదాకా వచ్చి మనతోనే ఉండాలి, ఖర్చైనా సరే.

పోర్టర్ల కూలి, తిండి, ఇన్సూరెన్సు లెక్క వేరే కాగితంలో రాశాం. చందాలో కలిపి అడుగుతాం, బేరం ఆడేది లేదు. ట్రైపాడ్లు, లెన్సులు ఎవరివి వాళ్ళే మోసుకోవాలి. చలికి బ్యాటరీలు త్వరగా అయిపోతాయి, చొక్కా లోపల జేబులో పెట్టుకోండి.

అరవై దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, మాతో సహా. మాలో ఒకరికి అది రాకపోవచ్చు, వస్తేనే వస్తాడు.

వచ్చే ఆదివారం నుంచి నడక అలవాటు చేసుకుందాం. పొద్దున ఆరు గంటలకు సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్ బయట టీకొట్టు దగ్గర కలుద్దాం. మెట్లన్నీ ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పైన చర్చి ఆవరణలో లాంబ్టన్ విగ్రహం ఉంది, కెమెరాలు తెచ్చుకోండి. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకుని రండి.