తిరుత్తణి నేర్పే భాషా పాఠం

సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు చెప్పగానే ఉపాధ్యాయ దినోత్సవం, తత్త్వశాస్త్రం, రాష్ట్రపతి భవనం గుర్తొస్తాయి. ఆయన చేసిన మరో పెద్ద పనిని తలుచుకునేవాళ్లు తక్కువ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948 నవంబరులో, విశ్వవిద్యాలయాల బాగోగులు తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం ఒక కమిషన్ వేసి, ఆయన్ను అధ్యక్షుణ్ణి చేసింది. జాకిర్ హుస్సేన్, మేఘనాద్ సాహా, తారాచంద్, ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ లాంటి ఉద్దండులు అందులో సభ్యులు. కార్యదర్శి ఎన్.కె. సిద్ధాంత ఇంగ్లిషు సాహిత్య ఆచార్యుడు. 1949 ఆగస్టులో నివేదిక వచ్చింది.

కాలేజీల్లో పాఠం ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్నకు ఆ నివేదికలో ఒక అధ్యాయమే కేటాయించారు. ఉన్నత చదువుకు మాధ్యమంగా ఇంగ్లిషు స్థానంలోకి వీలైనంత త్వరగా భారతీయ భాష రావాలన్నారు. ప్రాంతీయ భాష, కేంద్ర భాష, ఇంగ్లిషు మూడూ విద్యార్థికి తెలిసి ఉండాలన్నారు. ఎప్పటికప్పుడు పెరుగుతున్న ప్రపంచ జ్ఞానంతో సంబంధం తెగకుండా ఉండాలంటే హైస్కూల్లోనూ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లిషు చదవాల్సిందేనన్నారు. అంటే సొంత భాష కాళ్ల కింద నేలగా ఉండాలి, ఇంగ్లిషు బాగా నేర్చిన రెండో భాషగా ఉండాలి.

ఈ మాటలకు పెద్దరికం ఇచ్చిన మనిషి 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగింట పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు సీమ సర్వేపల్లిది, చదువు మొదలైంది తిరుత్తణి బడిలో. తర్వాత తిరుపతిలో లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరులో అమెరికన్ ఆర్కాటు మిషన్ వాళ్ల వూర్హీస్ కాలేజీ, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. తండ్రి జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆ ఇంటి పిల్లవాడు ఇంగ్లిషులో వేదాంతాన్ని వివరించి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పీఠం ఎక్కారు. సొంత భాష పక్కన మరో భాషను నిలబెట్టుకోవడం ఆయనకు చిన్ననాటి నుంచీ అనుభవంలో ఉన్న సంగతి. తిరుత్తణి, తిరువళ్లూరు సీమ మొత్తానిదీ అదే అనుభవం.

ఒకే సీమ, ముగ్గురు మనుషులు

ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో పెరియపాళయం అనే ఊరుంది. అమ్మవారి గుడికి పేరుపడ్డ ఊరు. 1754లో అక్కడ పుట్టిన పచ్చయప్ప మొదలియార్ దుబాసీగా గడించి, ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయారు. ఆ ధనంతోనే 1842లో మద్రాసులో పచ్చయప్ప పాఠశాల తెరిచారు. అదే తర్వాత కాలేజీ అయింది. మిషనరీల నీడ లేకుండా, మనవాళ్ల సొమ్ముతో ఇంగ్లిషు చదువు చెప్పిన తొలి సంస్థల్లో అదొకటి.

ఆ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన వారిలో పరవస్తు చిన్నయసూరి ఉన్నారు. ఆయనదీ ఈ చుట్టుపక్కలే, చెంగల్పట్టు సీమలోని శ్రీపెరుంబుదూరు. తర్వాత ఆయన ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రధాన తెలుగు పండితుడయ్యారు. 1853లో 'నీతిచంద్రిక', 1858లో 'బాలవ్యాకరణం' వెలువరించారు. కాలేజీ కుర్రాళ్లకు తెలుగు వచనం నేర్పాలంటే చేతికి ఏ పుస్తకం ఇవ్వాలి? ఆయన పంచతంత్ర కథలు ఎంచుకున్నారు. ఎద్దుకూ సింహానికీ నక్క పెట్టిన తంపు ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవాలన్న ఆత్రంతో విద్యార్థి పుట తిప్పుతాడు. ఆ తిప్పడంలోనే వాక్యం పట్టుబడుతుంది. సూరి గ్రాంథికం మీద తర్వాత గిడుగు, గురజాడలు ఎంత పోరాడినా, కథ చెప్పి భాష నేర్పడం అనే ఆయన ఎత్తుగడ మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది.

డబ్బిచ్చిన పచ్చయప్ప, పుస్తకం రాసిన సూరి, విధానం చెప్పిన రాధాకృష్ణన్ — ముగ్గురివీ మద్రాసుకు ఓ పూట ప్రయాణంలో ఉన్న ఊళ్లే. భాషల చదువు గురించి ఈ సీమకు మాట్లాడే హక్కు ఉంది.

దొరలకు తెలుగు, మనకు ఇంగ్లిషు

మద్రాసులో రెండో భాష నేర్పడానికి పుట్టిన తొలి పెద్ద కాలేజీలో విద్యార్థులు ఇంగ్లిషువాళ్లు. 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ అది. కంపెనీ కొలువులోకి వచ్చిన కుర్ర దొరలు అక్కడ మన పండితుల ముందు కూర్చుని తెలుగు, తమిళం నేర్చుకునేవారు. 1816లో వచ్చిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి కంపెనీ అధికారి ఎల్లిస్ రాసిన ముందుమాట, దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని చాటింది. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు. బ్రౌన్ వ్యాకరణం దగ్గర ఆగిపోలేదు. వేమనను పట్టుకున్నారు. ప్రతులు పోగుచేసి, 1829లో ఇంగ్లిషు అనువాదంతో అచ్చువేయించారు. తెలుగు కవిత్వం మీద ప్రేమ పుట్టాకే ఆయనకు తెలుగు సొంతమైంది. ఆ ప్రేమే తర్వాత నిఘంటువుల దాకా నడిపించింది.

మనకు ఇంగ్లిషు అలా రాలేదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక డిగ్రీకి ఇంగ్లిషు తప్పనిసరి మెట్టయింది. ఆక్స్‌ఫర్డ్ 1890ల్లో గానీ ఇంగ్లిషు సాహిత్యానికి ప్రత్యేక డిగ్రీ పెట్టలేదు. కేంబ్రిడ్జి 1917 దాకా ఆగింది. ఆ లోపే మన జిల్లాల నుంచి వెళ్లిన కుర్రాళ్లు షేక్‌స్పియర్, మిల్టన్లకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాసి పరీక్షలు గట్టెక్కుతున్నారు. ఇంగ్లిషులో నాలుగు సొంత వాక్యాలు కూర్చడం రానివాడి చేతికి ముందుగా మహాకావ్యాలు ఇచ్చారు. దాంతో నోట్సు పుట్టింది, గైడు పుట్టింది, బట్టీ పుట్టింది.

అసలు బట్టీ మీద ఫిర్యాదు అంతకంటే పాతది. ఒంగోలు ప్రాంతంలో పుట్టి, ఇంగ్లిషు పట్టుదలగా నేర్చుకుని మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడైన వెన్నెలకంటి సుబ్బారావు, 1820లో స్కూల్ బుక్ సొసైటీకి ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు పద్యాలు వల్లెవేస్తున్నారే గానీ అర్థం తెలియడం లేదన్నది ఆయన బాధ. ఆయన చెప్పింది మన వీధిబడుల గురించి. ఇంగ్లిషు కాలేజీ వచ్చాక పద్యం మారింది, వల్లెవేత మారలేదు.

ఇంగ్లిషు అనే ఆ మెట్టు దగ్గర ఎంత పెద్ద తెలివైనా బోర్లాపడేది. శ్రీనివాస రామానుజన్ కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లిషు కాంపోజిషన్ తప్పి, ఉపకారవేతనం పోగొట్టుకున్నారు. తర్వాత పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. అంతటి గణిత మేధావి పట్టభద్రుడు కాలేకపోయారంటే, భాషను వడపోత యంత్రంగా వాడినందువల్ల ఆ కాలంలో ఇంకెంతమంది పేరు కూడా తెలియకుండా పోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

తెలుగు వైపు నుంచీ చిక్కు ఉంది. కాలేజీ విద్యార్థి తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న దానిపై విశ్వవిద్యాలయం కమిటీ వేసింది. వాడుక భాషను ఒప్పుకోవాలని గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం ఇచ్చారు. అప్పటికి నెగ్గింది గ్రాంథికమే. తిరుత్తణి కుర్రవాడికి ఇంగ్లిషు పరాయిదే. కాలేజీలో రాయాల్సిన తెలుగూ ఇంట్లో వినేది కాదు.

సరిహద్దు కదిలిన రోజు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పటి నుంచి తిరుత్తణి ఆ జిల్లాలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అటే వెళ్లింది. మరుసటి ఏడాది తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. ఈలోగా ఉత్తర సరిహద్దు కోసం మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు ఉద్యమించారు. పటాస్కర్ మధ్యవర్తిత్వంలో రెండు రాష్ట్రాలూ ఒప్పందానికి వచ్చాయి. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లాయి. బదులుగా చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది.

తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యేశ్వరుడికి భక్తుల భాషతో పనిలేదు. ఆడికృత్తికకు కావళ్లు మోసుకుంటూ చిత్తూరు జిల్లా తెలుగువాళ్లు ఇప్పటికీ ఆ 365 మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. బడికీ కాలేజీకీ మాత్రం రాష్ట్రం మారితే లోకమే మారుతుంది. 1968 జనవరిలో మద్రాసు రాష్ట్ర (ఇప్పటి తమిళనాడు) శాసనసభ తమిళం, ఇంగ్లిషు అనే ద్విభాషా విధానానికి తీర్మానం చేసింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అకాడమీ పుట్టి, ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తేవడం మొదలుపెట్టింది. సత్యవేడు పిల్లవాడికి భౌతికశాస్త్రం తెలుగులో దొరికింది. తిరుత్తణి తెలుగు పిల్లవాడికి తెలుగు అన్నది ఒక పేపరుగా మిగిలింది.

ఆ ఒక్క పేపరైనా మిగలడం తమిళనాడు కాలేజీ ఏర్పాటులోని మంచితనం. అక్కడి డిగ్రీలో పార్ట్ వన్ కింద తమిళమో మరో భాషో, పార్ట్ టూ కింద ఇంగ్లిషు, పార్ట్ త్రీ కింద ప్రధాన విషయం ఉంటాయి. మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో పార్ట్ వన్‌గా తెలుగు తీసుకోవచ్చు. తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామి పేరిట ఉన్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధమైనదే. తిరువళ్లూరు జిల్లా పట్టాభిరాంలోని హిందూ కాలేజీ, తెలుగు వైశ్య కుటుంబానికి చెందిన దాత కలవల కన్నన్ చెట్టి ధర్మనిధి నడిపేది. అది 1969లో మొదలైంది. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే తొలి తరానికి ఇలాంటి కాలేజీలే దిక్కు.

అర్థం మీద మనసు నిలిస్తే

సరిహద్దు కదిలిన రోజుల్లోనే ఇంగ్లిషు బోధనలోనూ పెద్ద కదలిక వచ్చింది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లిషు సంస్థ వెలిసింది. ఇవాళ్టి ఇఫ్లూ అదే. మద్రాసు రాష్ట్రంలో 27,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఇంగ్లిషు బోధనలో మళ్లీ శిక్షణ ఇచ్చే బృహత్ పథకం మొదలైంది. ముందు కొందరికి నేర్పితే వాళ్లు మరికొందరికి, వాళ్లు ఇంకొందరికి నేర్పాలన్నది లెక్క. వాక్య నిర్మాణాలను తేలిక నుంచి కఠినానికి వరస పెట్టి పదేపదే అనిపించడం అప్పటి పద్ధతి. కావ్యం పోయి డ్రిల్లు వచ్చింది. పిల్లలు వాక్యాలు తప్పులేకుండా అనేవారు, అవసరమైనప్పుడు మాట మాత్రం పెగిలేది కాదు.

ఈ లోపాన్ని పట్టుకున్నది మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో ఆయన బృందం ఒక ప్రయోగం నడిపింది. వ్యాకరణాన్ని నేరుగా చెప్పకుండా, పిల్లలకు చిక్కు ఒకటి ఇచ్చి ఇంగ్లిషులో విప్పమనేవారు. పటాలు, రైలు టైంటేబుళ్లు ఆ తరగతిలో పాఠ్యపుస్తకాలు.

దాన్ని మన ఊరికి తెచ్చి చూడండి. తిరుత్తణిలో పొద్దున్నే బయల్దేరాలి. తిరువళ్లూరులో దిగి బాబాయిని వెంటబెట్టుకోవాలి. ఆయన ఇల్లు స్టేషనుకు అరగంట దూరం. పదింటికల్లా చెన్నై సెంట్రల్ చేరాలి. ఏ లోకల్ ఎక్కాలి? టైంటేబుల్ ఇంగ్లిషులో ఉంది, జవాబూ ఇంగ్లిషులోనే చెప్పాలి. ఒకడు ఒక బండి పేరు చెబుతాడు. ఇంకొకతె లేచి, అది అరక్కోణంలోనే ఆగిపోతుందని కాదంటుంది. ఎందుకో చెప్పాలి కాబట్టి 'బికాజ్' దానంతటదే నోటికొస్తుంది. మనసంతా బండి దొరకడం మీద ఉంటుంది, భాష ఆ వెనకే వచ్చి చేరుతుంది. 1987లో ప్రభు ఈ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాక, ప్రపంచమంతటా రెండో భాష బోధించేవాళ్లు దాన్ని చదివారు. టాస్క్ ఆధారిత బోధన అని ఇవాళ అన్ని దేశాల్లో చెప్పుకునే పద్ధతికి ఈ దక్షిణాది బడులు ఒక పుట్టిల్లు.

చిన్నయసూరి నక్క కథ చేసిందీ, ప్రభు టైంటేబుల్ చేసిందీ ఒకటే. రెండూ విద్యార్థి మనసును అర్థం మీద నిలిపాయి. బ్రౌన్‌కు వేమన చేసిందీ అదే. అందుకే కాలేజీలో సాహిత్యం వేరు, భాషా నైపుణ్యం వేరు అని గోడ కట్టడం నాకు ఒప్పుకోదగ్గదిగా తోచదు. ఇవాళ పార్ట్ టూ ఇంగ్లిషులో ఈమెయిల్ రాయడం, ఇంటర్వ్యూ ఇవ్వడం నేర్పుతున్నారు. మంచిదే, ఉద్యోగం కావాలి. కానీ చదివి కదిలిపోయే కథ ఒక్కటైనా లేకపోతే, పరీక్ష అయ్యాక ఆ భాషను తెరిచి చూడాలన్న కోరిక పిల్లలకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఖాళీ కాకూడని కుర్చీ

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. ఆంధ్రా అంచున ఉన్న తిరువళ్లూరు జిల్లాలో తెలుగు ఇంటింటా వినిపించే ఊళ్లు ఎన్నో. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం న్యాయమే, అవసరమూను. మైనారిటీ భాషల పిల్లల పరీక్షల సంగతి మాత్రం హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

బడిలో తెలుగు చదవని పిల్ల కాలేజీలో పార్ట్ వన్‌గా తెలుగు తీసుకోదు. తీసుకునేవాళ్లు తగ్గితే అధ్యాపకుడు రిటైరయ్యాక ఆ పోస్టు నిండదు. పోస్టు లేకపోతే కావాలన్న పిల్లకూ తెలుగు దొరకదు. ఎవరూ నిషేధించకుండానే ఒక సాహిత్యం తరగతి గదిలోంచి వెళ్లిపోయేది ఇలాగే. దీన్ని ఆపడం ప్రభుత్వం ఒక్కదాని వల్ల కాదు. బడిలో తెలుగును ఐచ్ఛిక భాషగా అడిగి చేర్పించాల్సింది తల్లిదండ్రులు. పుస్తకాలు అందించాల్సింది పక్కనే ఉన్న తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు. పార్ట్ వన్ తెలుగుకు ఒక అధ్యాపకుడి జీతం భరించే స్తోమత మన ధర్మనిధులకు ఉంది. పచ్చయప్ప, కన్నన్ చెట్టి నడిచిన దారి అదే.

ఇంగ్లిషు వస్తే చాలు, తెలుగు ఎందుకన్న మాట ఇళ్లలో తరచూ వినిపిస్తోంది. అలా అనేవాళ్లు రాధాకృష్ణన్ చదువును ఒక్కసారి తలుచుకోవాలి. ఇంట్లో తెలుగుతో, చదువులో సంస్కృతంతో నిండిన మనసు కాబట్టే ఆయన ఇంగ్లిషులో ప్రపంచానికి చెప్పడానికి ఒక సంగతి ఉంది. చెప్పాల్సింది లేనివాడికి ఎంత మంచి ఇంగ్లిషు వచ్చినా అది ఖాళీ సంచీయే. తిరుత్తణి కాలేజీలో చేరే తెలుగు పిల్లకు తెలుగు సాహిత్యం, తమిళ పరిచయం, అర్థవంతంగా నేర్పిన ఇంగ్లిషు మూడూ అందాలి. 1949లో ఆ ఊరి బిడ్డ అధ్యక్షతన తయారైన నివేదిక అడిగింది ఇలాంటి చదువునే. దాన్ని ముందుగా అమలు చేసి చూపాల్సిన బాధ్యత ఆయన సొంత ఊరి మీదే ఉంది.