ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిదిమంది కేడీలు

గోల్ఫ్ సామాన్లు మోసేవాణ్ణి ఇంగ్లీషులో కేడీ అంటారు. మన ఊళ్ళల్లో కేడీ అంటే పోలీసు రిజిస్టర్లో పేరున్నవాడు. ఈ రెండు మాటలకీ చుట్టరికం లేదు. కానీ 1860లో ప్రెస్ట్‌విక్ పెద్దమనుషులు తమ కేడీల్ని చూసిన చూపు మాత్రం మన అర్థానికే కాస్త దగ్గరగా ఉంటుంది.

2024 జులైలో మా ఆఫీసులో ఎవరికో టిక్కెట్లు మిగిలిపోతే, నాయుడుగారూ నేనూ ట్రూన్‌లో జరుగుతున్న ఓపెన్ ఛాంపియన్‌షిప్ చూడ్డానికి వెళ్ళాం. ఆయన నాతో పాటు కన్సల్టెంటు, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, డర్బన్ మనిషి. తెలుగు నాలుగు ముక్కలకి మించి రాదు. గోల్ఫ్ మాత్రం ఒంటపట్టించుకున్నారు. నాకు పన్నెండేళ్ళుగా స్కాట్లండ్ నీళ్ళు తాగినా ఆ ఆట పట్టుబడలేదు. ఆ ఏడాది గెలిచిన జాండర్ షాఫెలీకి 31 లక్షల డాలర్లు ముట్టాయి. మేం ఆఖరిదాకా ఉండకుండా రైలెక్కి, దగ్గర్లోనే ఉన్న ప్రెస్ట్‌విక్‌లో దిగాం. స్టేషన్ గోడకి అవతలే గోల్ఫ్ కోర్సు. మొదటి హోల్ రైలు పట్టాల పక్కనే సాగుతుంది. దాని పేరే రైల్వే.

లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. బాపట్ల, చీరాల వైపు పర్ర భూమి చూసినవాళ్ళకి కొంత పోలిక దొరుకుతుంది. నాగలికి పనికిరాదు. గాలి ఇసుకని దిబ్బలుగా పోస్తుంది, మధ్యలో పొట్టి గడ్డి మొలుస్తుంది, గొర్రెలూ కుందేళ్ళూ దాన్ని కత్తిరించి పెడతాయి. ఎవరికీ అక్కర్లేని నేల కనకే అక్కడ ఆట పుట్టింది. ప్రెస్ట్‌విక్‌లో 1851లో టామ్ మోరిస్ ఆ దిబ్బల మధ్య పన్నెండు హోల్స్ ఏర్పాటు చేశాడు. ఆ పన్నెండూ కలిపి 3,799 గజాలు. మొదటి హోల్ ఒక్కటే 578 గజాలు! ఇప్పటి క్లబ్బులతో, ఇప్పటి బంతితో కూడా అది చిన్న దూరం కాదు.

అసలు పోటీ పెట్టాలన్న ఆలోచన ఒక చావుతో వచ్చింది. తన కాలంలో అందరికంటే మేటి అని పేరుపడ్డ సెయింట్ ఆండ్రూస్ వాడు ఆలన్ రాబర్ట్‌సన్ 1859లో పోయాడు. ఇప్పుడు మొనగాడెవరు? ఆ లెక్క తేలుద్దామని ప్రెస్ట్‌విక్ క్లబ్బు పెద్దలు, ముఖ్యంగా ఎగ్లింటన్ ప్రభువూ, జేమ్స్ ఓగిల్వీ ఫెయిర్లీ అనే ఆయనా పూనుకున్నారు. మిగతా క్లబ్బులకి ఉత్తరాలు రాశారు. మీ దగ్గరున్న మంచి కేడీల్ని పంపండి, కానీ మర్యాదస్థుల్ని పంపండి అని. తాగి గొడవ చేస్తారని భయం. ఆ కాలపు ప్రొఫెషనల్ అంటే మనమనుకునే దర్జా ఏమీ లేదు. సామాన్లు మోయడం, బంతులు చెయ్యడం, క్లబ్బులు బాగుచెయ్యడం, గడ్డి చూసుకోవడం. దొరలు పందెం కాస్తే వాళ్ళ తరఫున ఆడడం. పందెంకోడి బతుకు.

1860 అక్టోబర్ 17, బుధవారం. వచ్చినవాళ్ళు ఎనిమిదిమంది. పన్నెండు హోల్స్ మూడుసార్లు చుట్టాలి, అంతా ఒక్క రోజులో. వాళ్ళు లెక్కలో మోసం చెయ్యకుండా ఒక్కో జట్టు వెంట ఒక పెద్దమనిషి కాపలా నడిచాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఒక క్లయింటు దగ్గర నేను ఎనిమిది నెలలు పనిచేశాను. వాళ్ళ జీతాల లెక్కలన్నీ నా ప్రోగ్రాములోంచే వెళ్ళేవి, కానీ నా మెడలో ఎర్ర బ్యాడ్జీ. పక్కన వాళ్ళ మనిషి లేకుండా కారిడార్లోకి వెళ్ళకూడదు. కాఫీకి కూడా.

అందరూ టామ్ మోరిసే గెలుస్తాడనుకున్నారు. తను గీసిన కోర్సు, రోజూ తను చూసుకునే గడ్డి. మసెల్‌బర్గ్ నుంచి వచ్చిన విల్లీ పార్క్ 174 దెబ్బలతో ముగించాడు, మోరిస్ 176. రెండు దెబ్బల తేడా. బహుమతి డబ్బు కాదు, ఎర్ర మొరాకో తోలు మీద వెండి బిళ్ళలున్న బెల్టు. గెలిచినవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోవాలంటే, జాగ్రత్తగా తిరిగిస్తానని హామీ చూపించాలి. లేకపోతే క్లబ్బు ఖజానాదారు దగ్గరే ఉంటుంది. దేశంలో మొనగాడివి నువ్వే, కానీ బెల్టు ఇమ్మంటే మాత్రం పూచీకత్తు పట్రా!

మరుసటి ఏడాది ఫెయిర్లీ ఈ పోటీ ప్రపంచమంతటికీ తెరిచి ఉంటుందని ప్రకటించాడు. ఓపెన్ అన్న పేరు అక్కణ్ణుంచే. నిజానికి తలుపు తీసింది దొరల కోసం, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ల కోసం. ప్రపంచం తర్వాత వచ్చింది.

బెల్టు కథ త్వరగానే ముగిసింది. వరుసగా మూడుసార్లు గెలిస్తే సొంతమని నియమం. టామ్ మోరిస్ కొడుకు చిన్న టామ్ పదిహేడేళ్ళకే, 1868లో మొదలుపెట్టి 1870కల్లా ఆ పని చేసేశాడు. 1871లో ఇవ్వడానికి బహుమతి లేక పోటీయే జరగలేదు. ఇప్పుడిచ్చే వెండి కూజా 1873 నుంచి. చిన్న టామ్ 1875 క్రిస్మస్ నాడు పోయాడు, ఇరవై నాలుగేళ్ళకి. ప్రెస్ట్‌విక్‌లో ఆఖరి ఓపెన్ 1925లో. జనం అదుపు తప్పి ఆటగాళ్ళ మీద పడిపోయారు, మళ్ళీ అక్కడ పెట్టలేదు.

ఆడేవాళ్ళు మాత్రం ఇంకా బయటే. 1920 ఓపెన్ డీల్‌లో జరిగినప్పుడు ప్రొఫెషనల్స్‌కి క్లబ్‌హౌస్‌లో ప్రవేశం లేదు. అమెరికా నుంచి వచ్చిన వాల్టర్ హేగెన్ ఖరీదైన కారు తెచ్చి ఆ గుమ్మం ఎదురుగానే నిలబెట్టి, అందులో బట్టలు మార్చుకున్నాడు. 1923లో ట్రూన్‌లో రెండోస్థానంలో వచ్చినప్పుడు బహుమతి ప్రదానానికి లోపలికి రమ్మన్నారు. వారమంతా రానివ్వని ఇంట్లోకి ఇప్పుడు రానని, జనాన్ని వెంటబెట్టుకుని పబ్బుకి వెళ్ళాడు. హేగెన్ అంటే నాకు అందుకే ఇష్టం. అయితే అలా చెయ్యడానికి కారుండాలి, డబ్బుండాలి, తెల్లగా ఉండాలి.

1860లో మొదటి బంతి కొట్టిన చోట ఒక రాతి గుర్తు ఉంది. ఆ సంవత్సరం చూసి నాయుడుగారు ఆగిపోయారు. "ఇది మా సంవత్సరం" అన్నారు.

దక్షిణాఫ్రికా భారతీయుల్లో ఎవరిని అడిగినా 1860 అంటే ఏమిటో చెప్తారు. చెరకుతోటల్లో కూలికి మనవాళ్ళని ఎక్కించుకుని మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో, ఆ ఏడాది నవంబర్ 16న డర్బన్ చేరింది. 342 మంది. వాళ్ళల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇక్కడ విల్లీ పార్క్ బెల్టు కట్టుకున్న బుధవారం నాడు ఆ ఓడ హిందూ మహాసముద్రం మధ్యలో ఉంది.

ఆ కూలీల సంతతిలోంచే డర్బన్ కేడీ ఒకడు ఓపెన్ దాకా వచ్చాడు. సెవ్‌సంకర్ సెవ్‌గోలుమ్, అందరూ పాప్వా అనేవారు. తెలుగువాడని చెప్పుకోడానికి ఆధారం లేదు, మనవాడే అనిపించుకోవాలన్న ఆశ తప్ప. ఎవరూ నేర్పలేదు కనక కుడిచెయ్యి పైనా ఎడమచెయ్యి కిందా పెట్టి, అంటే అందరికీ తలకిందులుగా, కర్ర పట్టుకునేవాడు. గ్రాహమ్ వుల్ఫ్ అనే వ్యాపారి అతణ్ణి 1959లో యూరప్ తీసుకెళ్ళాడు. ఆ ఏడాదే డచ్ ఓపెన్ గెలిచాడు, మళ్ళీ 1960లో, 1964లో. 1963లో లిథమ్‌లో జరిగిన ఓపెన్‌లో పదమూడో స్థానం పంచుకున్నాడు.

అదే 1963 మొదట్లో డర్బన్ కంట్రీ క్లబ్‌లో నటాల్ ఓపెన్ గెలిచాడు. వర్ణభేదం కాలం. ఆడడానికే ప్రత్యేక అనుమతి కావాలి. వాన పడుతోంది, తెల్లవాళ్ళు క్లబ్‌హౌస్ లోపల ఉన్నారు, గెలిచినవాడికి బహుమతి ఆరుబయట వానలో ఇచ్చారు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1965లో అదే పోటీలో గ్యారీ ప్లేయర్‌ని ఓడించాడు. మరుసటి ఏడాదికల్లా ప్రభుత్వం అతణ్ణి పోటీల్లో ఆడనివ్వలేదు, పాస్‌పోర్టు తీసేసుకుంది. 1978లో పోయాడు. ఇప్పుడు డర్బన్‌లో ఒక గోల్ఫ్ కోర్సుకి అతని పేరుంది.

ఇదంతా నాయుడుగారు రాయి పక్కన నిలబడే చెప్పారు. ఆయన తండ్రి ఆ వాన ఫోటోని పేపర్లోంచి కత్తిరించి వంటింటి గోడకి అంటించారట. పొయ్యి సెగకి పసుపుపచ్చబడితే విప్పి, పుస్తకంలో దాచారట.

"ఇప్పుడెక్కడుంది?" అన్నాను.

"మా అక్క దగ్గర. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వదు" అన్నారు ఆయన.